సముద్రం పక్కన ఇల్లు, .32 పిస్టల్‌కి తుప్పు మచ్చలు: ఏ ఆయిల్, ఎంత, ఎక్కడ వేయాలి?

లాసన్స్‌బే_వాసి:

అందరికీ నమస్కారం. నా దగ్గర లైసెన్స్ మీద కొన్న .32 సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఉంది, మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీదే. ఇల్లు లాసన్స్ బే కాలనీలో. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది కాబట్టి గాలి సంగతి విశాఖ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, కిటికీ గ్రిల్స్‌కి ఏటా పెయింట్ వేయించాల్సిందే. 2024 ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు అందరిలాగే పిస్టల్ డిపాజిట్ చేశాను, ఎండాకాలం అయ్యాక తిరిగి తెచ్చుకున్నాను, అప్పటి నుంచి తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో ఉంచుతున్నాను. ఈ మధ్య తీసి చూస్తే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జారే భాగం) మీద, ముఖ్యంగా చేత్తో పట్టి లాగే గీతల దగ్గర, ఎర్రగా చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. స్లైడ్ వెనక్కి లాగి వదిలితే మునుపటిలా టక్కున ముందుకి పోవడం లేదు, బరువుగా కదులుతోంది.

ఎవర్ని అడిగినా ఒక్కో మాట చెబుతున్నారు. పక్కింటాయన కొబ్బరినూనె చాలంటారు. హార్డ్‌వేర్ షాపులో డబ్ల్యూడీ-40 కొట్టమన్నారు. బంధువు ఒకాయన కుట్టు మిషన్ ఆయిల్ వేస్తానంటాడు. ఏది సరైనది? ఎంత వరకు విప్పాలి, ఎన్నాళ్ళకోసారి చేయాలి? నేను ఎక్కువగా కాల్చను, ఎప్పుడో ఒకసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్తాను అంతే. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

ఆర్మరర్_గాజువాక:

బాబూ, నేను నేవీలో ఆయుధాల మెయింటెనెన్స్ పని చేసి రిటైర్ అయినవాణ్ణి. నువ్వు అడిగిన మొదటి ప్రశ్న ఏ ఆయిల్ అని. దానికంటే ముందు ఉప్పు గురించి చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో పిస్టల్ కాల్చడం వల్ల పాడవదు, ఊరికే పెట్టి ఉంచడం వల్ల పాడవుతుంది. సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది, నీ చేతి చెమటలోనూ ఉంటుంది. ఆ ఉప్పు గాలిలోని తడిని తనే లాక్కుంటుంది, అందుకని వాన లేని రోజు కూడా లోహం మీద కంటికి కనపడని తడి పొర ఉంటుంది. నువ్వు దాని మీద ఎంత ఖరీదైన ఆయిల్ రాసినా ఉప్పు నూనెలో కరగదు, ఆయిల్ కింద అలాగే ఉండి తన పని తను చేసుకుంటూ పోతుంది. చేత్తో పట్టే గీతల దగ్గరే మచ్చలు వచ్చాయన్నావు చూడు, కారణం అదే. కాబట్టి ముందు ఉప్పు పోవాలి, తర్వాత తడి పోవాలి, ఆ తర్వాతే ఆయిల్.

మొదలుపెట్టే ముందు ఖాళీ చేయడం. ఇక్కడ వరస తప్పకూడదు. ముందు మ్యాగజైన్, అంటే తూటాలు నింపే డబ్బీ, తీసి పక్కన పెట్టు. ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి లాగు. మ్యాగజైన్ లోపలే ఉండగా స్లైడ్ లాగి వదిలితే ఉన్న రౌండ్, అంటే తూటా, బయటికి పోయి కొత్త రౌండ్ చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా ఉండే చోటులోకి, ఎక్కి కూర్చుంటుంది, మనిషి మాత్రం ఖాళీ చేశాననుకుంటాడు. స్లైడ్ వెనక్కి పట్టి ఉంచి, చాంబర్‌లోకి లైటు వేసి చూడు, చిటికెన వేలు పెట్టి తడిమి చూడు. కొన్ని పిస్టల్స్ విప్పాలంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కాల్సి ఉంటుంది, అలాంటి వాటితో ఈ విషయంలో ఇంకా జాగ్రత్త. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేసి రా. మూతి ఎప్పుడూ మనుషులు లేని గట్టి గోడ వైపే ఉండాలి, పిల్లలు ఇంట్లో లేని సమయం చూసుకో.

విప్పడం అంటే స్లైడ్, స్ప్రింగ్, ఫ్రేమ్, మ్యాగజైన్, బ్యారెల్ విడిగా వచ్చే మోడల్ అయితే అదీ. అక్కడితో ఆపేయాలి. .32 లో కొన్ని మోడల్స్‌కి బ్యారెల్ తిప్పి తీయాలి, కొన్నింటికి బ్యారెల్ ఫ్రేమ్‌కే బిగించి ఉంటుంది, స్ప్రింగ్ దాని చుట్టూ ఉంటుంది. నీ పిస్టల్‌తో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే చెయ్యి, వీడియోలో వేరే మోడల్ చూసి చెయ్యకు. కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి, ఎందుకంటే స్ప్రింగ్ బిగువు మీద ఉంటుంది, చెయ్యి జారితే మొహానికే వస్తుంది. తూటాని కొట్టే ఫైరింగ్ పిన్, గుల్లని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్, ట్రిగ్గర్ లోపలి భాగాలు ఇంట్లో విప్పే పని కాదు.

ఇప్పుడు బయటి భాగాలన్నీ మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడువు. నీళ్ళంటే భయపడకు, ఉప్పుని తీసేది నీళ్ళే. ఉప్పు గాలిలో తిరిగి వచ్చిన ఇనుముని మంచినీళ్ళతో కడగడం సముద్రం మీద పని చేసినవాళ్ళందరికీ అలవాటే. వెంటనే పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వు. ఆ తర్వాత లోపలి మసికి గన్ సాల్వెంట్, అంటే మసిని కరిగించే ద్రావకం. పాత టూత్ బ్రష్‌తో స్లైడ్ లోపలి వైపు, అది జారే పట్టాల గాడులు, తూటా అడుగు ఆనే బ్రీచ్ ఫేస్ రుద్దు. సాల్వెంట్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచు, దీపం, పొయ్యి దగ్గర వద్దు.

బ్యారెల్‌కి ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్, .32 సైజుదే ఉండాలి. బ్యారెల్ విడిగా వస్తే చాంబర్ వైపు నుంచి తోసి మూతి వైపు పూర్తిగా బయటికి తీయి, మధ్యలో వెనక్కి తిప్పకు. మూతి అంచు మీద రాడ్ రాసుకుంటే గురి పాడవుతుంది, తూటా చివరిసారి తాకేది ఆ అంచునే మరి. ఫ్రేమ్‌కి బిగించిన బ్యారెల్ అయితే పుల్‌త్రూ తాడు (గుడ్డ కట్టి బ్యారెల్‌లోంచి లాగేది) చాంబర్ వైపు నుంచి వేసి మూతి వైపు లాగు. బ్రష్ తర్వాత పాత బనీను ముక్కలు ఒక్కొక్కటి పంపిస్తూ ఉండు, తెల్లగా బయటికి వచ్చేదాకా.

ఇక ఆయిల్. గన్ ఆయిల్ గానీ, క్లీనింగ్, లూబ్రికేషన్, రక్షణ మూడూ చేసే సీఎల్‌పీ గానీ ఏదో ఒకటి మంచిది కొను, ఒక్క సీసా చాలా కాలం వస్తుంది. చుక్క లెక్కన వాడాలి. స్లైడ్, ఫ్రేమ్ ఒకదాని మీద ఒకటి జారే పట్టాల మీద ఒక్కో చుక్క వేసి వేలితో రాయి. బ్యారెల్ బయటి వైపు, ముఖ్యంగా స్లైడ్ రాసుకుని మెరుపు తేలిన చోట, పల్చగా. స్ప్రింగ్ మీద ఆయిల్ వేలితో ఒకసారి తుడిచినట్టు. ఎక్కడ లోహం మెరుస్తోందో అక్కడ రాపిడి ఉన్నట్టు, అక్కడే ఆయిల్ కావాలి, నీ పిస్టలే నీకు చూపిస్తుంది. చాంబర్ లోపల, బ్రీచ్ ఫేస్ మీద, ఫైరింగ్ పిన్ రంధ్రంలో, మ్యాగజైన్ లోపల ఆయిల్ వద్దు. ఫైరింగ్ పిన్ దారిలో ఆయిల్ పోస్తే మసి, దుమ్ము కలిసి ముద్దలా తయారవుతుంది, పిన్ బలంగా కొట్టదు, కావాల్సినప్పుడు పేలదు. తూటాలకి ఆయిల్ అంటితే ప్రైమర్‌లోకి, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే మందులోకి, దిగి అది చచ్చిపోవచ్చు. మ్యాగజైన్ విప్పి పొడిగా తుడిచి పెట్టు, అంతే.

బయట అంతా ఆయిల్ అద్దిన గుడ్డతో తుడిచి, చేత్తో మళ్ళీ ముట్టుకోకుండా పెట్టెయ్. బ్యారెల్ లోపల నిల్వ కోసం పల్చటి పొర ఉంచు.

రిటైర్డ్_హవల్దార్_శ్రీకాకుళం:

గాజువాక సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆర్మీలో చేసి ఇప్పుడు విశాఖలో సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నాను. నీళ్ళ సంగతి వినగానే కొందరు వింతగా చూస్తారు గానీ, పాతకాలం .303 రైఫిల్స్‌లో బ్యారెల్‌లోకి వేడి వేడి నీళ్ళు పోసేవారు. ఆ తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది, కాల్చాక అది పొటాషియం క్లోరైడ్ అయి బ్యారెల్‌లో మిగిలేది, అది కూడా ఒక రకం ఉప్పే. నూనెతో పోదు, నీళ్ళతోనే పోతుంది. ఇప్పటి తూటాలకి ఆ బాధ లేదు గానీ సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి ఉప్పు బాధ ఉంది కాబట్టి పద్ధతి అదే.

గుడ్డ విషయంలో ఒక మాట. మా దగ్గర చిందీ అనేవాళ్ళం, నాలుగు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు. ఆ కొలత రైఫిల్‌కి, నీ పిస్టల్‌కి ఇంకా చిన్నది కావాలి. గుడ్డ బ్యారెల్‌లో బిగువుగా వెళ్ళాలి గానీ ఇరుక్కోకూడదు, ఇరుక్కుంటే రాడ్‌తో పొడిచి పొడిచి బ్యారెల్ పాడు చేసుకున్నవాళ్ళని చూశాను. నూలు గుడ్డే వాడు తమ్ముడూ, పాలిస్టర్ గుడ్డ మసిని పీల్చదు.

ఇంకోటి, తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో ఉంచుతున్నానన్నావు. తోలు తడిని పట్టి ఉంచుతుంది, పైగా తోలు పదును చేసే మందుల అవశేషాలు లోహానికి పడవు. హోల్‌స్టర్ వేసుకు తిరగడానికి మాత్రమే, నిల్వకి కాదు. స్పాంజి వేసిన పెట్టె కూడా అంతే, స్పాంజి తడి పీల్చి లోహానికి ఆనించి ఉంచుతుంది.

రేంజ్_అక్క:

నేను .22 స్పోర్ట్స్ పిస్టల్ షూటర్‌ని, నా అనుభవం కొంచెం వేరు. .22 తూటాలకి సీసం మీద మైనం పూత ఉంటుంది, మసి కూడా చాలా ఎక్కువ, అందుకే బ్రీచ్ వైపు ప్రతి సెషన్ తర్వాత శుభ్రం చేస్తాం గానీ బ్యారెల్‌ని బ్రష్‌తో ఊరికే తోమం. గురి చెదురుతోంది అనిపించినప్పుడో, సీసం పేరుకున్నప్పుడో చేస్తాం. మీది .32, రాగి జాకెట్ తూటా, మీకు గాజువాక గారు చెప్పిన పద్ధతే సరి. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే .22 వాళ్ళ వీడియోలు చూసి మీరు బ్యారెల్ వదిలేయకూడదు, మిమ్మల్ని చూసి .22 వాళ్ళు రోజూ బ్రష్ వేయకూడదు.

ఏసీ గురించి ఎవరూ అనలేదు, విశాఖలో అది చాలా ముఖ్యం. ఏసీ గదిలో చల్లబడ్డ పిస్టల్‌ని బయటికి తెస్తే క్షణాల్లో దాని మీద తేమ పట్టేస్తుంది, కళ్ళజోడు మసకబారినట్టే, లోపలి భాగాల మీద కూడా. ఏసీ కారులో తీసుకెళ్ళినా ఇదే. రేంజ్‌కి వెళ్ళాక మూసిన పెట్టెలోనే కాసేపు ఉంచి వేడి సర్దుకున్నాక తీయండి. ఇంటికి వచ్చాక పెట్టెలో పెట్టి మర్చిపోకుండా అదే రోజు తుడవండి.

ఇంకొకటి, శుభ్రం చేశాక చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, గ్లవ్స్ వేసుకుంటే ఇంకా మంచిది. మసిలో సీసం ఉంటుంది. భోజనాల బల్ల మీద ఈ పని అస్సలు వద్దు, మసి అంటిన గుడ్డలు పిల్లలకి అందకుండా కవర్‌లో కట్టి పారేయండి.

ఎంవీపీ_మెకానిక్:

నా వర్క్‌షాప్ అనుభవంతో చెబుతున్నాను. కొబ్బరినూనె వద్దే వద్దు అన్నా, అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, చలికాలం పిస్టల్‌తో అరకు వెళ్ళారనుకోండి స్లైడ్‌లో గడ్డ నూనె ఉంటుంది. పైగా వంట నూనెలన్నీ గాలి తగిలి జిగటగా మారతాయి. డబ్ల్యూడీ-40 తడిని తోసేయడానికి బాగుంటుంది, కానీ దాంట్లో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం, మిగిలేది పల్చటి పొర, ఎక్కువ కాలం నిలవదు. కుట్టు మిషన్ ఆయిల్ రాపిడికి పర్వాలేదు, చాలా పల్చన, తుప్పుని ఆపే శక్తి తక్కువ, సముద్రం పక్కన ఇల్లు అంటే నేనైతే నమ్మను. నిజంగా గన్ ఆయిల్ దొరక్కపోతే కారుకి వాడే ఫుల్లీ సింథటిక్ ఇంజిన్ ఆయిల్ ఒక చుక్క పట్టాల మీద వేసుకోవచ్చు, ఇబ్బంది ఏమీ ఉండదు. నన్నడిగితే పట్టాల మీద గ్రీజు ఇంకా మంచిది, మన ఎండలకి ఆయిల్ కారిపోతుంది, గ్రీజు నిలబడుతుంది కదా?

ఆర్మరర్_గాజువాక:

మెకానిక్ బాబు చెప్పిన ఆయిల్స్ సంగతి సరిగ్గా ఉంది. గ్రీజు దగ్గర నాది వేరే అభిప్రాయం. ఎక్కువ కాల్చే 9 ఎంఎం పెద్ద పిస్టల్స్‌కి పట్టాల మీద పల్చటి గ్రీజు పనికొస్తుంది, అవి మన సివిలియన్ లైసెన్స్‌లో ఎలాగూ రావు. ఇది .32, చిన్న తూటా, స్లైడ్‌ని వెనక్కి నెట్టేది బ్యారెల్ లాకింగ్ లేకుండా నేరుగా తూటా గుల్ల తోపుడే, ఆ తోపుడులో మిగులు బలం పెద్దగా ఉండదు. గ్రీజు దట్టంగా పూస్తే, అందులో బీచ్ ఇసుక, దుమ్ము చేరితే స్లైడ్ మళ్ళీ మందగిస్తుంది. ఇతని పిస్టల్ కాల్చకుండా బీరువాలో ఉండేది. దానికి ఆయిలే, నెలకోసారి మార్చుకుంటూ.

ఇక తుప్పు మచ్చలు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ లాంటి పులుపు ఏదీ దీని దగ్గరికి రానివ్వకండి, ఇత్తడి బిందెలకి అవి బాగుంటాయి గానీ పిస్టల్ మీద నల్లటి రంగు, అంటే బ్లూయింగ్, అది కూడా ఇనుము ఆక్సైడ్ పొరే, పులుపు తగిలితే తుప్పుతో పాటు అదీ లేచిపోతుంది. మచ్చ మీద ఆయిల్ వేసి కొన్ని గంటలు నాననిచ్చి, గరుకు గుడ్డతో రుద్దు. పోకపోతే బ్రాంజ్ ఊల్ గానీ, 0000 నంబర్ స్టీల్ ఊల్ గానీ ఆయిల్‌లో ముంచి వేలి కొసతో మెల్లగా రుద్దు. బ్రాంజ్ ఉక్కు కంటే మెత్తన, తుప్పుని గీకుతుంది గానీ లోహాన్ని గీకదు. శాండ్ పేపర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. రుద్దాక వేలు పెట్టి చూస్తే గుంటలు తగలకపోతే నువ్వు సమయానికే చూసినట్టు.

లాసన్స్‌బే_వాసి:

గురువుగారూ, అందరికీ చాలా థాంక్స్. ఈ ఆదివారం మీరు చెప్పిన వరసలోనే చేశాను. స్లైడ్ లోపల, పట్టాల గాడుల్లో పాత ఆయిల్ గోధుమ రంగులో మైనంలా గట్టిపడి ఉంది, సాల్వెంట్‌తో నానబెట్టి బ్రష్ వేస్తే వచ్చింది. ఇప్పుడు స్లైడ్ మునుపటిలా టక్కున వెళ్తోంది. బయటి మచ్చలు ఆయిల్, బ్రాంజ్ ఊల్‌తో పోయాయి, గుంటలు తగలడం లేదు, ఒక చోట మాత్రం బ్లూయింగ్ కొంచెం వెలిసింది. కానీ బ్యారెల్ లోపల లైటు వేసి చూస్తే చాంబర్ దగ్గర ఒక చిన్న నల్ల చుక్క ఉంది, ఎన్ని గుడ్డలు పంపినా పోవడం లేదు. అది మసా, తుప్పు గుంటా? మళ్ళీ గట్టిగా బ్రష్ వేయనా?

ఆర్మరర్_గాజువాక:

గట్టిగా వద్దు. సాల్వెంట్ పట్టించి అరగంట ఆగి, మామూలుగా బ్రష్ వేసి చూడు. అప్పటికీ అదే చోట, అదే ఆకారంలో ఉంటే అది గుంటే అనుకో. చాంబర్‌లో గుంట ఉంటే కాల్చినప్పుడు గుల్ల దాన్ని పట్టుకుని సరిగ్గా బయటికి రాకపోవచ్చు. అందుకని అది తేలేదాకా కాల్చకు. లైసెన్స్ ఉన్న ఆర్మ్స్ డీలర్ దగ్గరికి, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ ఉన్న చోటికి, నీ లైసెన్స్ పుస్తకం తీసుకుని వెళ్ళు. రిపేరు లైసెన్స్ ఉన్నవాళ్ళే చేయాలి, ఆర్మ్స్ యాక్ట్ 1959 లో సెక్షన్ 5 ఇదే చెబుతుంది. లేత్ పని తెలిసిన ఎవరికో ఇచ్చి చాంబర్ పాలిష్ చేయించావంటే పిస్టల్‌తో పాటు నువ్వూ ఇరుక్కుంటావు. తుడుచుకోవడం, ఆయిల్ వేసుకోవడం నీ పని, అంతకు మించింది వాళ్ళ పని.

బ్లూయింగ్ వెలిసిన చోట ఇనుము బట్టబయలుగా ఉంటుంది, ముందు అక్కడే తుప్పు పడుతుంది, కాబట్టి అక్కడ ఆయిల్ పొర ఎప్పుడూ ఉండేలా చూసుకో.

నిల్వకి హోల్‌స్టర్ మానేసి, వీసీఐ కాగితం తెచ్చుకో, యంత్రాల విడిభాగాలు తుప్పు పట్టకుండా చుట్టేది అదే. పిస్టల్‌ని ఆ కాగితంలో చుట్టి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, తాళం ఉన్న లాకర్‌లో పెట్టు. రంగు మారే రకం సిలికా జెల్ అయితే తడి పట్టిందని తెలుస్తుంది, రంగు మారాక ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్ళీ పని చేస్తుంది. నాఫ్తలీన్ ఉండలు బట్టల పురుగులకి, తుప్పుకి కాదు. తూటాలు వేరే చోట, పొడిగా. గుల్ల మీద ఆకుపచ్చగా చిలుము పట్టినవి ఉంటే వాడకు.

ఆగస్టు నుంచి నవంబరు దాకా వానలు, తుఫాన్ల రోజుల్లో పదిహేను రోజులకోసారి తీసి చూసి ఆయిల్ గుడ్డతో తుడువు, మిగతా నెలల్లో నెలకోసారి చాలు. కాల్చిన రోజు మాత్రం అదే రోజు పూర్తిగా.

రేంజ్_అక్క:

బిగించాక ఖాళీ పిస్టల్‌తోనే స్లైడ్ కొన్నిసార్లు లాగి వదిలి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ కదలకుండా ఉందో లేదో చూడండి, మూతి గోడ వైపే ఉంచి. డీలర్ దగ్గర చాంబర్ సరే అన్నాక రేంజ్‌కి వెళ్ళేముందు బ్యారెల్ లోపలి ఆయిల్ పొరని పొడి గుడ్డ ముక్కతో తీసేయండి, నిల్వకి వేసిన ఆయిల్‌తో అలాగే కాల్చకూడదు.

లాసన్స్‌బే_వాసి:

అలాగే అక్కా. సోమవారం డీలర్ దగ్గరికి వెళ్తున్నాను, ఆ చుక్క గురించి ఏమన్నారో ఇక్కడే రాస్తాను.